రెండు వేళ్ళ కింద

మొదటి రోజు

ఈ పుస్తకం మధుమతి కుడి చేతి కోసం మొదలుపెడుతున్నాను. గీత గీసినదీ, కాపలా ఉండేదీ, రాసేదీ నాంచారమ్మ, మూడో సొరంగం ఆసుపత్రి. గోవిందుడి దయ ఉంటే ఇరవై ఒకటో రోజున ముగుస్తుంది.

మధుమతికి ఇరవై ఏడేళ్ళు. మంచు గనిలో తాడు పని. ఆరు రోజుల క్రితం ఆమె భర్త గిరిధర్ మంచు పగులులోకి జారిపోయాడు. అతని తాడు ఈమె చేతిలో ఉంది. తాడు ఒరుసుకుని చేతి తొడుగు చిరిగింది, బయటి చలి లోపలికి వచ్చింది. గిరిధర్ దొరకలేదు. ఈమె చేతి వెనక చర్మమంతా చచ్చిపోయింది. దాన్ని తీసేస్తే వేళ్ళను లాగే తెల్లటి పట్టీలు బయటపడ్డాయి. వాటి మీద బతికిన చర్మం కప్పకపోతే ఎండిపోతాయి. చేయి తీసేయాల్సి వస్తుంది.

ఆ చర్మం గజ్జ నుంచి తీసుకుంటాం. నాలుక ఆకారంలో చర్మాన్ని లేపి, మొదలు మాత్రం ఒంటికే ఉంచి, చేతిని అక్కడికి తెచ్చి కుడతారు. ఇరవై ఒక్క రోజులు ఆ చర్మం గజ్జలో రక్తం తాగి బతుకుతుంది. ఈలోగా చేతిలోని రక్తం అందులోకి దారి చేసుకుంటుంది. అప్పుడు మొదలు కోసి విడదీస్తారు. మామూలుగా ఎవరి గజ్జకు వారి చేతినే కుడతారు. కానీ ఆ రోజు బరువుకు మధుమతి నడుముకున్న పట్టీ ఆమె రెండు గజ్జలనూ నలిపేసింది. ఇంకొకరు ఇవ్వాలి. ఒప్పుకోలు మందు ఎక్కిస్తే ఒకరి చర్మాన్ని ఇంకొకరి ఒళ్ళు కాదనదు.

ఇవ్వడానికి వకుళ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు, విత్తనాల గదిలో పని. గిరిధర్‌కి అక్క.

"ఇస్తాను. వాడి తాడు వదిలేసినదాన్ని మాత్రం నాతో మాట్లాడించొద్దు పిన్నీ" అంది.

పొద్దున ఆమె ఎడమ గజ్జ మీద గీత గీశాను. తుంటి ముందు మొన నుంచి మధ్యలో ఉన్న కింది ఎముక బుడిపె దాకా దారం పట్టాలి. ఆ దారానికి రెండు వేళ్ళ కింద, పెద్ద తొడ ధమని కొట్టుకునే చోట, మూడు చిన్న నాళాలు పుడతాయి. ఒకటి తుంటి వైపు పోతుంది. ఒకటి బొడ్డు వైపు ఎక్కుతుంది. ఒకటి లోపలికి, మర్మస్థానం వైపు తిరుగుతుంది. అగ్గిపుల్ల మందం కూడా ఉండవు. నాకు పని నేర్పిన సూరమ్మ గారు వీటిని తోబుట్టువులు అనేవారు. తుంటిది బలంగా ఉంటే బొడ్డుది సన్నగా ఉంటుంది. బొడ్డుది బలంగా ఉంటే తుంటిది సన్నగా ఉంటుంది. కొందరికి రెండూ ఒకే మొదట్లో పుడతాయి. కొందరికి ఒకటి అసలే ఉండదు. అందుకని ఏ మనిషికి ఆ మనిషిని వెతుక్కోవాలి. స్కానింగ్ మిషన్ దుమ్ము తిని ఆగిపోయి పదకొండేళ్ళయింది. ఉన్నది ఒంటికి ఆనిస్తే రక్తం పారే చప్పుడు వినిపించే పెన్సిల్ ఒకటి, వేళ్ళు.

పెన్సిల్‌లో చప్పుడు సరిగా వినిపించలేదు. నావి గాలి మిషన్ పక్కన ఇరవై రెండేళ్ళు పని చేసిన చెవులు. వేలితో చూశాను. తుంటి వైపు నాళం గట్టిగా కొట్టుకుంటోంది. నీలి మందుతో ఆ దారినే గీశాను.

ఈరోజు ఏకాదశి. భూమి మీది చంద్రుణ్ణి బట్టి మా పురోహితులు శేషావతారం గారు లెక్క కట్టి చెబుతారు. ఇక్కడి చంద్రులు రెండూ ఆయన లెక్కలోకి రావు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

గీస్తున్నంతసేపూ వకుళ వణికింది. "కాస్త చెయ్యివ్వండి పిన్నీ" అంటే ఎడమ చేయి ఇచ్చాను. పట్టుకుని వదల్లేదు.

డాక్టర్ సుభాషిణి గారు నాలుగు గంటలు పని చేశారు. మధ్యలో బొడ్డు వైపు నాళం అడ్డు వచ్చి రక్తం కారితే ముడి వేశారు. "ఇది బాగా లావుగా ఉందే" అన్నారు. నేను దీపం పట్టుకుని పక్కనే ఉన్నాను.

చేయి కుట్టడం అయింది. వేలితో నొక్కి వదిలితే చర్మం పాలిపోయి మళ్ళీ రంగు రావాలి. ఎంతసేపట్లో వస్తుందో కొందరు అంకెలతో లెక్కపెడతారు. నేను గోవిందా అనుకుంటాను. చర్మం మొదట్లో రెండు గోవిందలు, చివర రెండు. బాగుంది.

రెండో రోజు

జంట మంచం వేశాము. వకుళ వెల్లకిలా, ఆమెకు ఎడమ పక్కన మధుమతి. ఇద్దరి మధ్యా జానెడు కూడా లేదు. వకుళ మొహం గోడ వైపు తిప్పుకుంది. మధుమతి కళ్ళు మూసుకునే ఉంది, నిద్రపోలేదు.

వకుళకు ఒళ్ళు తుడిచి, దుప్పటి తెర కట్టి, మిగతా పనులన్నీ చేశాను. ఒకరికి చేస్తుంటే రెండోవారు పక్కనే ఉండక తప్పదు. ఆ సిగ్గు మొదటి మూడు రోజులే ఉంటుందని ఇద్దరికీ చెప్పాను.

మధ్యాహ్నం వకుళ గోడతో అన్నట్టుగా అంది, "గోళ్ళు గుచ్చుకుంటున్నాయని చెప్పండి పిన్నీ."

"నా చెయ్యి నాకు అందదని చెప్పండి పిన్నీ" అంది మధుమతి.

గోళ్ళు తీసే కత్తెర తెచ్చి వకుళకే ఇచ్చాను. చాలాసేపు చేతిలో పెట్టుకుని ఉంది. తర్వాత ఆ ఐదు గోళ్ళూ తనే తీసింది. ఒక్కో వేలూ ఎత్తి, నెమ్మదిగా.

మొదట్లో రెండు గోవిందలు. చివర రెండున్నర.

మూడో రోజు

చివర మూడు. చివర అంటే తుంటి ఎముక దగ్గర నుంచి వచ్చిన భాగం. మధుమతి వేళ్ళ మెటికల మీద కుట్టింది అదే. తాకితే చల్లగా ఉంది. వెచ్చని నీళ్ళ సంచీ పక్కన పెట్టాను.

పొద్దున దీపం ముందు కూర్చుంటే జపం సాగలేదు. సూరమ్మ గారు నేర్పిన మొదటి మాట గుర్తుకొచ్చింది. నాళం వెతికే వేలికి కూడా నాడి ఉంటుంది. గట్టిగా నొక్కితే, లేదా ఉపవాసంతో గుండె దడదడలాడుతుంటే, మన వేలి నాడే ఎదుటి మనిషి నాడిలా తెలుస్తుంది. అందుకని కుడి చేత్తో వెతికేటప్పుడు ఎడమ చేతి వేళ్ళు మన మెడ మీద ఉండాలి. రెండూ కలిసి కొట్టుకుంటే అది మనదే. ఎదుటి మనిషిది కాదు.

ఇరవై రెండేళ్ళలో ఎడమ చేయి మెడ మీద పెట్టకుండా ఒక్క గీతా గీయలేదు. ఆ రోజు నా ఎడమ చేయి వకుళ దగ్గర ఉంది.

నేను నా నాడినే గీశానేమో. ఏమో. ఇంకా రెండు రోజులు చూస్తాను.

నాలుగో రోజు

మధుమతి ఎడమ చేత్తో చెంచా పట్టుకుని చిక్కుడుగింజల కూర తింటోంది. వకుళ కాసేపు చూసి, "ఎడం చేత్తో తింటుంటే చూళ్ళేకపోతున్నా. ఇటు తిప్పు మొహం" అంది. తన కంచంలోంచి ముద్ద కలిపి పెట్టింది. నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే.

నాలుగు ముద్దలయ్యాక వకుళ అంది, "నీ వంట బాగోదని మావాడు రోజూ నా దగ్గరికొచ్చి తినేవాడు."

"తెలుసు వదినా. ఇంటికొచ్చి మీ కూరలో ఉప్పెక్కువైందని నాతో అనేవారు."

వకుళకు నవ్వు వచ్చేసింది. కుట్లు లాగుతాయి నవ్వకమ్మా అన్నాను. నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. మధుమతి ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

చివర మూడు.

ఐదో రోజు

ఇక్కడ నిజం రాయాలి. నిన్న మూడు అని రాశాను. ఈరోజు మళ్ళీ నొక్కి చూస్తూ నా గొంతు నేనే విన్నాను. "గో...విం...దా" అంటున్నాను. మూడుకే రంగు రావాలని ఆయన పేరును సాగదీస్తున్నాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పలుకుతున్న పేరు. ఎప్పుడూ పలికినట్టు పలికితే ఐదు.

నిన్నటిది కూడా మూడు కాదు. నాలుగో, నాలుగున్నరో.

ఆసుపత్రి గోడకు ఆనుకుని కాసేపు కూర్చున్నాను. తెర వేసుకుని నా గజ్జలోనే వెతికి చూశాను. వేలి కింద కొట్టుకుంటోంది, బలంగానే ఉంది. కానీ వేలూ నాదే, గజ్జా నాదే, మెడా నాదే. మూడూ ఒకేసారి కొట్టుకుంటే ఏది నాళమో ఏది వేలో ఎలా చెప్పను? నా మీద నాకు ఏమీ తెలియలేదు.

ఆరో రోజు

పొద్దున్నే డాక్టర్ గారి గదికి వెళ్ళి చెప్పాను. పెన్సిల్ చప్పుడు ఏడాదిగా సరిగా వినపడటం లేదని చెప్పాను. ఉపవాసం సంగతి, ఎడమ చేతి సంగతి చెప్పాను. సాగదీసిన లెక్క కూడా చెప్పాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేను ముడేసింది దాని అసలు నాళాన్నన్నమాట. లావుగా ఉందని నోటితో అన్నాను కూడా. మీరెందుకు మాట్లాడలేదు నాంచారమ్మ గారూ?"

"నా గీత మీద నమ్మకమమ్మా."

"ఎప్పుడు అనుమానం వచ్చింది?"

"మూడో రోజు."

"రెండో రోజు దాకా అయితే ముడి విప్పి కలిపేదాన్ని. మూడో రోజు కూడా ప్రయత్నించేదాన్నే." లేచి, "పదండి" అన్నారు.

విప్పారు. నాళం లోపల రక్తం నల్లగా గడ్డకట్టి ఉంది. తుంటి వైపు నాళం దారప్పోగంత ఉంది. దాన్ని నమ్ముకునే ఈ ఆరు రోజులూ ఆ చర్మం బతుకుతోంది.

నా గజ్జ తీసుకొమ్మని అడిగాను. రేపే, ఇవాళే అయినా సరే అన్నాను. డాక్టర్ గారు తల ఊపలేదు. లేపిన చర్మంలో ఎంత నిలుస్తుందో తేలేదాకా కొత్తది కుట్టకూడదట.

మధ్యాహ్నం మంచం దగ్గర నిలబడి ఇద్దరికీ చెప్పాను. నాకు గొంతు పెద్దగా రాదు. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మధుమతి పైకప్పు వైపు చూస్తూ ఉంది. వకుళ అంది.

"మీ చెయ్యి పట్టుకుంది నేనే కదా."

"నువ్వు పట్టుకోవడం తప్పు కాదమ్మా. వదలమని నేను అడగకపోవడం తప్పు. తర్వాత నోరు మూసుకోవడం ఇంకా పెద్ద తప్పు."

"నేను వదిలుంటే దాని చెయ్యి బాగుండేది" అంది వకుళ.

ఆ మాటకు మధుమతి తల తిప్పి ఆమె వైపు చూసింది.

చివర ఆరు. ఇక నుంచి సీతాలు అంకెలతో లెక్కపెడుతుంది, నేను రాస్తాను. సీతాలు నా తర్వాత పెన్సిల్ పట్టాల్సిన పిల్ల.

తొమ్మిదో రోజు

మెటికల మీద చర్మం వక్క రంగులోకి మారింది. నొక్కితే రంగు పోదు, రాదు. నడిమి భాగం బతికే ఉంది. మొదలు వెచ్చగా ఉంది.

ఇద్దరూ ఇప్పుడు బాగా మాట్లాడుకుంటున్నారు. ఎక్కువగా పోట్లాటే. దుప్పటి ఎవరు లాక్కున్నారని, గురక ఎవరిదని.

"మొగుడికి కూడా ఇంతే చోటిచ్చేదానివా నువ్వు" అంది వకుళ.

"మీ తమ్ముడు మీలా అడ్డంగా పడుకునేవారు కాదు వదినా."

"వాడా? చిన్నప్పుడు వాడి కాళ్ళు నా మొహం మీద ఉండేవి."

పదకొండో రోజు

ఈరోజు జరిగింది రాయాలో వద్దో తెలియలేదు. ఇద్దరినీ అడిగాను. రాయమన్నారు.

ఒళ్ళు తుడవడం అయ్యాక వకుళ అడిగింది. దుప్పటి సర్దుతూ, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టుగా అడిగింది.

"వాడు చివర్లో ఏమన్నాడు?"

నేను గిన్నె పట్టుకుని వెళ్ళబోతుంటే, "ఉండండి పిన్నీ" అంది మధుమతి.

"ఏమీ అనలేదు వదినా. లెక్కపెట్టారు. పది దాకా లెక్కపెట్టేలోపు మనవాళ్ళు వచ్చేస్తారు, పట్టుకో అన్నారు. చెవిలో ఆయన గొంతే వినిపిస్తోంది. పది అయింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. అలా ఎన్నిసార్లో."

వకుళ దుప్పటి సర్దడం ఆపింది.

"చేతి తొడుగు ఎప్పుడు చిరిగిందో నాకు తెలీదు. ముందు మంట పుట్టింది. తర్వాత మంట పోయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన ఏడు అన్నారు. ఎనిమిది అనలేదు. కిందికి చూస్తే నా చెయ్యి తాడు పట్టుకున్నట్టే బిగించి ఉంది. తాడు లేదు."

"అంటే నువ్వు..."

"వదిలానో లేదో నాకు తెలీదు వదినా. అందరూ వదిలేశావంటే అవునేమో అనుకున్నాను. నా చెయ్యి నాకు చెప్పలేదు."

నేను గిన్నెలో నీళ్ళు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి వకుళ తన ఎడమ చేయి జరిపి, తన గజ్జకు కుట్టి ఉన్న ఆ చేతి వేళ్ళ మీద పెట్టింది. చల్లబడిన మెటికల మీద కాదు, వేళ్ళ చివర్ల మీద, తను గోళ్ళు తీసిన చోట.

"తెలుస్తోందా?" అంది.

"లేదు వదినా."

"సరే. నాకు తెలుస్తోందిలే."

పదిహేనో రోజు

సగం పైగా నల్లబడింది. వాసన మొదలైంది. మధుమతికి జ్వరం, నూట రెండు. డాక్టర్ గారు చచ్చిన చర్మం ఎత్తి చూశారు. కింద తెల్లటి పట్టీలు పసుపు రంగుకు తిరిగి ఎండిపోయాయి. చీము మణికట్టు వైపు పాకుతోంది.

నా గజ్జ సంగతి మళ్ళీ అడిగాను.

"ఇప్పుడు చర్మం కాదు నాంచారమ్మ గారూ కావలసింది. కింద కప్పడానికేం మిగల్లేదు" అన్నారు.

ఏకాదశి ఇవాళ మళ్ళీ వచ్చింది. సీతాలు ఇచ్చిన గంజి తాగేశాను. కాపలా ఉండేవాళ్ళు నీరసపడకూడదు. పద్నాలుగు రోజుల ముందు ఈ మాట నాకు నేనే చెప్పుకుని ఉంటే బాగుండేది. గోవిందుడు అలిగి ఉండడు. ఆయన్ని ఎప్పుడూ అలిగే మనిషిలా చూసింది నేనే.

పదహారో రోజు

జ్వరం నూట నాలుగు. రేపు మణికట్టు దగ్గర తీసేస్తారు. డాక్టర్ గారు చెబుతుంటే మధుమతి శ్రద్ధగా విన్నది. ఒక్కటే అడిగింది.

"ముందు ఎక్కడ కోస్తారు? వదిన దగ్గరా, నా దగ్గరా?"

డాక్టర్ గారికి అర్థం కాలేదు.

"నా దగ్గరే ముందు కోయండి. ముందు వదినకు నొప్పి పెట్టొద్దు."

మత్తు ఇస్తాం, నొప్పి ఉండదన్నారు. అయినా సరే అంది.

సాయంత్రం వకుళ శేషావతారం గారిని పిలిపించమంది. మా దగ్గర కాల్చడం లేదు. గాలి అంత ఉండదు. పోయినవాళ్ళను పంట మళ్ళలో మట్టికి ఇస్తాము, ఏడాది తిరిగేసరికి ఆ మడి మీద చిక్కుడు పాకుతుంది. గిరిధర్ దేహం దొరకలేదు. దేహంలో కొంతైనా లేకుండా మట్టికిచ్చే కార్యం చేయకూడదని ఆయన ఆపి ఉంచారు. గిరిధర్ పేరున ఇంకా మడి లేదు.

"రేపు తీసేసే చెయ్యి చాలుతుందా బాబాయిగారూ?" అంది వకుళ.

ఆయన పంచాంగం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. "అది అమ్మాయి చెయ్యి కదమ్మా. అతనిది కాదు."

"వాణ్ణి చివర్న పట్టుకుంది అదే."

ఆయన మధుమతి వైపు చూశారు. "భార్యను భర్త శరీరంలో సగమంటాం. నోటితో అనడమేగానీ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు" అన్నారు. తర్వాత, "చాలుతుంది తల్లీ" అన్నారు.

పదిహేడో రోజు

మధుమతి అడిగినట్టే ముందు ఆమె మణికట్టు దగ్గర కోశారు. ఆమె మంచాన్ని పక్కకు జరిపారు. చేయి వకుళ దగ్గరే ఉండిపోయింది.

వకుళకు నడుము కిందికే మత్తు. తెలివిగానే ఉంది. డాక్టర్ గారు గజ్జ దగ్గర కోయడానికి వస్తే, "ఒక్క నిమిషం ఆగండి" అంది. డాక్టర్ గారు కత్తి పక్కన పెట్టి వెనక్కి తిరిగి నిలబడ్డారు. నన్నూ తిరగమన్నారు.

వకుళ ఏదో లెక్కపెట్టింది. పెదవులు కదిలిన చప్పుడు నాకు వినిపించింది. ఈ చెవులకు కూడా వినిపించింది. పది దాకా.

"ఇంక తీసేయండి" అంది.

పంతొమ్మిదో రోజు

ఇవాళ పంట మళ్ళలో కార్యం జరిగింది. వకుళను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాను. మధుమతి నడిచి వచ్చింది, జ్వరం తగ్గింది. చేతిని ఉతికిన తెల్లని గుడ్డలో చుట్టి నేనే పట్టుకున్నాను. దాని వెనక సగం దాకా వకుళ చర్మం ఉంది. లోపల ఎముకలు మధుమతివి. శేషావతారం గారు గిరిధర్ పేరు, గోత్రం చెప్పి మట్టి పోయమన్నారు. మధుమతి ఎడమ చేత్తో పోసింది. ఎడమ చెయ్యి అని ఆయన అభ్యంతరం చెప్పలేదు.

విత్తనం వకుళ తెచ్చింది. చిక్కుడు వద్దంది. సొరంగమంతా చిక్కుడే, వాడికి విసుగు అంది. విత్తనాల గదిలో అడుగున ఉన్న పొట్లం నుంచి నాలుగు గోంగూర గింజలు అడిగి తెచ్చింది. మొలుస్తాయో లేదో చెప్పలేమట.

ఇరవై ఒకటో రోజు

ఈ పుస్తకం ఈరోజు ముగియాలని మొదటి రోజు రాశాను. ముగుస్తోంది.

గీత తప్పిన మనిషి అదే మనిషికి రెండో వైపు సరిగా గీసి చూపించి, పెన్సిల్ అప్పగించాలి. సూరమ్మ గారు పెట్టిన పద్ధతి. ఈ ఆసుపత్రిలో ఇదివరకు రెండుసార్లు జరిగింది. మూడోది నాది.

వకుళ వద్దనలేదు. బల్ల మీద పడుకుంది. దారం పట్టాను. సీతాలు పక్కన నిలబడి చూస్తోంది. నేను వేలు ఆనించగానే వకుళకు మళ్ళీ వణుకు వచ్చింది. చేయి గాలిలో నా కోసం వెతికి, సగంలో ఆగిపోయింది. దుప్పటి అంచు గుప్పిట్లో బిగించుకుంది.

తలుపు దగ్గర కూర్చున్న మధుమతి లేచి వచ్చింది. కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని, ఎడమ చేయి చాపింది.

"ఇటివ్వండి వదినా. పిన్ని చెయ్యి ఖాళీగా ఉండాలి."

వకుళ దుప్పటి వదిలి ఆ చేయి పట్టుకుంది. చాలా గట్టిగా పట్టుకుని ఉంటుంది. మధుమతి పెదవి కొరుక్కుంది.

ఎడమ చేతి వేళ్ళు నా మెడ మీద పెట్టుకున్నాను. కుడి వేలు దారానికి రెండు వేళ్ళ కింద, నొక్కీ నొక్కనట్టు. మెడలో ఒకటి కొట్టుకుంది. కాసేపటికి వేలి కింద ఒకటి. మెడలో రెండు. వేలి కింద ఒకటి. కలవలేదు.

వకుళ, కుడి గజ్జ: బొడ్డు వైపు నాళం లావు. తుంటి వైపు సన్నం. లోపలి వైపుది ఉంది, చిన్నది. ఎడమ వైపు కూడా ఇంతే ఉండేది.

గీసి చూపించాను. సీతాలు తన వేలితో మళ్ళీ చూసి ఔనంది. పెన్సిల్ ఆమె చేతిలో పెట్టాను.

నాంచారమ్మ